మైనమత్త

అన్నల పిల్లలు ఆమెకు పెట్టిన పేరు మైనమత్త. వంటింట్లో పాలు కాచే గిన్నె ఏదో, మైనం కరిగించే గిన్నె ఏదో ఆవిడకొక్కదానికే తెలుసు. స్టవ్వు పక్కనే పీట వేసుకుని, గుడ్డ మీద వేడి మైనంతో లతలు గీస్తుంది, రంగులో ముంచి ఆరేస్తుంది. బాతిక్ దుప్పటి పూర్తయిందంటే, చుట్టాల్లో ఎవరికో ఒకరికి ఇచ్చేదాకా ఊపిరాడదు. "దీన్లో మైనం ఇంకా కాస్త ఉంది. ఒక్కసారి మరిగే నీళ్లలో ముంచి తీయండి, మెత్తబడుతుంది" అని అందరికీ అదే పాఠం.

మొన్న చెప్పాపెట్టకుండా పెద్దన్న ఇంటికి వెళ్లింది. "ఉండమ్మా, వస్తున్నా" అని లోపల్నుంచి కేకేసిన వదిన చాలాసేపటికి గాని తలుపు తీయలేదు. మంచం మీద, ఎప్పుడో తను ఇచ్చిన నీలం దుప్పటి పరిచి ఉంది. "రోజూ దీనిమీదే పడుకుంటాం. ఉతికి ఉతికి వెన్నలా అయిందనుకో!" అంది వదిన. మైనమత్త కూర్చోగానే ఎండుటాకులు తొక్కినట్టు చప్పుడైంది. అరచేత్తో నిమిరితే, మడత దగ్గర మైనం విరిగి గోట్లో ఇరుక్కుంది. "నిజమే వదినా, ఎంత మెత్తబడిందో" అంది.

ఇంటికొచ్చి స్టవ్వు వెలిగించింది. గోట్లోని మైనాన్ని పిన్నీసుతో తీసి గిన్నెలోనే వేసింది. చిన్నవదినకి ఇవ్వాల్సిన దుప్పటి ఇంకా సగంలోనే ఉంది.