ఊపిరి తీసుకోమనే ఉద్యోగం

ఆ స్కానింగు గదిలో ఆవిడ పదమూడేళ్లుగా చేస్తున్న పని ఒక్క ముక్కలో చెప్పాలంటే, జనాన్ని ఊపిరి ఆపమనడం, మళ్లీ తీసుకోమనడం. ఎమ్మారైలో గుండె బొమ్మ తీసేటప్పుడు ఛాతీ కదిలిందంటే బొమ్మంతా అలికినట్టు వస్తుంది. అందుకని అద్దానికి ఇవతల మైకు ముందు కూర్చుని, "గాలి పీల్చండి, వదిలేయండి, ఇక ఆపండి" అంటుంది. ఆ ముక్కలు చెప్పడానికి యంత్రంలోనే రికార్డు చేసిన గొంతు ఒకటుంది. అదంటే ఆవిడకు ఒళ్లుమంట. ఊపిరాడకపోతే ఎలా ఉంటుందో యంత్రానికేం తెలుసు? పేషెంటుతో పాటు తనూ ఊపిరి బిగబడుతుంది. తనకు కష్టమనిపించగానే అవతలివాళ్లను తీసుకోమంటుంది. తోటివాళ్లు ఆటపట్టించడానికి "ఊపిరమ్మ" అని పేరు పెట్టారు. పెడితే పెట్టారు, ఆవిడ తీసిన బొమ్మలకు డాక్టరమ్మ ఇంతవరకు వంక పెట్టలేదు.

ఆ రోజు యంత్రంలో పడుకోబోతున్నది ఆవిడ తమ్ముడు. క్రేను నడుపుతాడు. పోయిన నెల క్రేను నిచ్చెన ఎక్కుతుంటే కళ్లు తిరిగి, మధ్యలో చువ్వ పట్టుకుని నిలబడిపోయాడు. గుండె కండరం మందమైందని ఎకో పరీక్షలో తేలింది. వాళ్ల నాన్నదీ అదే జబ్బు. నలభై రెండేళ్లకు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ పడిపోయాడు, మళ్లీ లేవలేదు. ఇప్పుడు తేలాల్సింది ఒక్కటే, తమ్ముడి కండరంలో మచ్చ పడిందా లేదా. లేకపోతే సోమవారం పనికి వెళ్లే సంగతి ఆలోచిద్దామనీ, ఉంటే క్రేను మాట మరిచిపొమ్మనీ డాక్టరమ్మ ఖరాఖండీగా చెప్పేసింది.

"ఇంకొకళ్లను పెడతాను, నువ్వు బయట కూర్చో" అని కూడా అంది డాక్టరమ్మ.

"వాడు నా మాటే వింటాడండీ" అంది ఆవిడ.

తమ్ముడు బల్ల మీద పడుకుని, "అక్కా, లోపల తుమ్మొస్తే?" అన్నాడు.

"నేను చెప్పేదాకా ఆపుకో."

"తుమ్మడానిక్కూడా నీ పర్మిషనేనా? చిన్నప్పట్నుంచీ ఇదే గోల!"

ఆవిడకు నవ్వు రాలేదు. భయమూ వేయలేదు. పొద్దుటి నుంచీ ఏమీ అనిపించడం లేదు. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. తమ్ముడి నరంలోకి మందు ఎక్కించి, పది నిమిషాలు ఆగింది. ఆ మందు మంచి కండరంలోంచి త్వరగా కొట్టుకుపోతుంది, మచ్చ ఉన్నచోట మాత్రం నిలిచిపోతుంది. బొమ్మలో మంచి కండరం నల్లగా, మచ్చ తెల్లగా కనబడుతుంది.

మొదటి రెండు బొమ్మల్లో అంతా నలుపే.

"గాలి పీల్చు. వదిలెయ్. ఇక ఆపు" అంది మూడోసారి. తనూ ఆపింది. యంత్రం టకటక మోగి ఆగింది. బొమ్మ తెర మీదికి వచ్చింది.

నల్లటి గుండె గోడ నడుమ తెల్లటి పట్టీ. అటు చివర నుంచి ఇటు చివరకు గీత పెట్టి కొలిచింది. అంకె రాసుకుంది. రాసింది సరిగా ఉందో లేదో మళ్లీ చూసుకుంది. ఎవరిదో పరాయివాళ్ల గుండెను కొలిచినట్టే ఉంది.

అప్పుడు మోగింది, పేషెంటు చేతికిచ్చే బెల్లు.

ఆవిడ ఉలిక్కిపడింది. తను ఎప్పుడో ఊపిరి తీసేసుకుంది. వాడికి మాత్రం చెప్పలేదు.

"తీసుకో! ఊపిరి తీసుకోరా!"

స్పీకర్లో దగ్గు, ఆయాసం వినబడ్డాయి. కాసేపటికి తమ్ముడి గొంతు వచ్చింది.

"అక్కా, చెప్పడం మరిచిపోయావు."

ఆవిడ తెర మీది తెల్లటి పట్టీనే చూస్తోంది.

"నువ్వెప్పుడూ మరిచిపోవు కదా." ఆయాసం తగ్గాక అన్నాడు, "సోమవారం రానని మేస్త్రీకి చెప్పెయ్యనా?"

రిపోర్టు డాక్టరమ్మే చెబుతారండీ, అనాలి. పదమూడేళ్లుగా ఎవరడిగినా అదే అంది.

"చెప్పెయ్యి" అంది.

ఇంకా నాలుగు బొమ్మలు మిగిలాయి. ఆవిడ మైకు దగ్గరికి వంగింది. నోరు తెరిచింది గానీ గాలి పీల్చమనే మాట బయటికి రాలేదు. చెయ్యి చాపి, ఇన్నేళ్లలో ఒక్కసారీ ముట్టుకోని ఆ రికార్డు గొంతు మీట నొక్కింది. అది చెప్పినట్టల్లా తమ్ముడు బుద్ధిగా ఊపిరి ఆపాడు, తీసుకున్నాడు.