ఖాళీ బండికి చేసిన పరీక్ష

మీ కుటుంబాన్ని ఎక్కించుకుని తిరిగే బండి క్షేమంగా ఉందని సర్వీస్ సెంటర్ చెప్పినప్పుడు, ఆ మాట ఏ పరీక్ష మీద నిలబడి ఉందో మీరు ఎప్పుడైనా అడిగారా?

టర్బో పెట్రోల్ ఇంజన్ల ఎస్‌యూవీలు మా జిల్లాలో విరివిగా తిరగడం మొదలైన రోజుల్లో, చిక్కబళ్ళాపురంలోని ఒక సర్వీస్ సెంటర్‌లో నేను వారంటీ ఇంజనీరుగా చేరాను. ఈ హోదా సర్వీస్ మేనేజరుకు కింద, కస్టమర్లతో మాట్లాడే అడ్వైజరుకు పైన ఉంటుంది. మరమ్మతు ఖర్చు కంపెనీ భరించాలా, యజమాని భరించాలా అని తేల్చడం నా పని. బండి ఫిర్యాదు, మరమ్మతు వివరాలు రాసే వారంటీ జాబ్‌కార్డును నా సంతకం లేనిదే మూయరు.

ఆ కాలంలో కంపెనీ నుంచి ఒక సాంకేతిక సూచన వచ్చింది. కొన్ని ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వులు పెళుసుగా ఉండవచ్చునని దాని సారాంశం. ఇన్‌టేక్ వాల్వు అంటే సిలిండరులోకి గాలిని వదిలే చిన్న తలుపు. ఇంజను నడిచినంతసేపూ అది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి. తయారీలో దాన్ని అవసరానికి మించి గట్టిపరిస్తే, లోహం గాజులా విరుగుతుంది. విరిగిన ముక్క పిస్టన్ మీద పడిన క్షణమే ఇంజను ఆగిపోతుంది. ముందుగా ఏ హెచ్చరిక దీపమూ వెలగకపోవచ్చు. కంపెనీ చెప్పిన పరీక్ష మాత్రం సులభమైనది: బండిని నిలిపి ఉంచి, ఇంజను వేగాన్ని పలుమార్లు పూర్తిగా పెంచాలి. వాల్వు విరగకపోతే బండి బాగున్నట్టే లెక్క.

బాగేపల్లి దగ్గర పరగోడు నుంచి నారాయణప్ప అనే రైతు తన బండి తెచ్చాడు. "ఎత్తెక్కేటప్పుడు దమ్ము పోయినట్టు అవుతాంది మేడమ్. లోపల టక టక అని శబ్దం వస్తాంది. బంకులో పెట్రోలు సరిగా లేదేమో" అన్నాడు. బండి అద్దంలా మెరుస్తోంది. లోపల చిన్న కాగితం ముక్క కూడా లేదు. పరీక్షలో ఇంజను ఏ తేడా చూపలేదు. టెక్నీషియన్ ఖాళీ బండిని ఊరి బయట చదునైన రోడ్డు మీద తిప్పి తెచ్చి, శబ్దం లేదన్నాడు.

మేనేజరు కార్డు మూయమన్నారు. ఇంతవరకు విరగలేదన్నది ఇక విరగదనడానికి రుజువు కాదని నేను వాదించాను. "ఇది మీ కాలేజీ డిబేట్ కాదమ్మా, చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు ఈడ. సంతకం చెయ్యి" అన్నారాయన.

సంతకానికి ముందు మరోసారి బండి దగ్గరకు వెళ్ళాను. వెనక సీటు పట్టాల మధ్య ఎండిన టమాటా తొడిమె ఒకటి ఇరుక్కుని ఉంది.

"అప్పా, ఈ బండిని యాడ యాడ తిప్పుతాండారు?" అని అడిగాను.

ఆయన గొంతు తగ్గించాడు. "చెప్తే వారంటీ పోతాదని బయమమ్మా. సరుకు ఏసినామని తెలిస్తే మీవాళ్ళు ఒప్పుకోరు కదా. అందుకే కడిగి, అంతా దించేసి తెచ్చినా. మా అమ్మకు చింతామణిలో డయాలసిస్. ఎట్లాగూ పోతాం కదా అని వెనక టమాటా బాక్సులు ఏసుకుంటాం. రేపు గూడా పోవల్ల."

నాకు భయం మొదలైంది అప్పుడే. బాధ పుట్టేది బరువుతో ఎత్తెక్కినప్పుడు. మా పరీక్షకు మాత్రం బండి ప్రతిసారీ ఖాళీగానే వస్తోంది. వాల్వు లోహం పెళుసుగా ఉంటే దానికి సరుకు వేయడం కారణం కాదని, వారంటీ సంగతి నేను చూసుకుంటానని ఆయనకు చెప్పాను. కార్డు మూయకుండా, మర్నాడు బరువుతో రోడ్డు పరీక్ష చేస్తానని మేనేజరుకు రాతపూర్వకంగా తెలియజేశాను.

మర్నాడు నేను పరగోడు వెళ్ళాను, బాక్సులు ఎక్కించాక ఆయన తల్లి లక్ష్మమ్మ కూడా బయలుదేరింది. "నేనూ టమాటా బాక్సూ ఒకటే అయిపోయినాం తల్లీ. ఇద్దర్నీ చింతామణిలో దించేదే వీడి పని. నా బరువు చాలదా నీ పరీక్షకు?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆమెను బస్సులో పంపమని పట్టుబట్టాను. ఆమె చిన్న కొడుకు తోడుగా వెళ్ళాడు.

స్టీరింగ్ నేను పట్టాను. చేలూరు దాటాక ఒక ఎత్తు వచ్చింది. వెనక రాళ్ళ లారీ దగ్గరగా వస్తోంది. యాక్సిలరేటరు నొక్కగానే టకటక వినిపించింది. "ఇదేనమ్మా, ఇదే" అన్నాడు నారాయణప్ప. అంతలో బానెట్ కింద పెద్ద చప్పుడు, ఇనుము నలిగినట్టు. ఇంజను ఆగిపోయింది. స్టీరింగ్ బిగుసుకుంది. బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడింది. బండి వెనక్కి జారసాగింది. రెండు కాళ్ళతో బ్రేకు తొక్కి, హ్యాండ్‌బ్రేకు లాగాను. అద్దం నిండా లారీ ముఖమే. హారన్ మోత తప్ప ఏమీ వినబడలేదు. లారీ కుడివైపుకు తిప్పుకుని, మమ్మల్ని రాసుకున్నంత దగ్గరగా దాటిపోయింది. ఎదురుగా ఆ క్షణాన మరో బండి రాకపోవడం మా ప్రతిభ కాదు.

నారాయణప్ప వెనక సీటు వైపు తిరిగి చూశాడు. "మా యమ్మ ఆ సీట్లోనే కదమ్మా కూచుండేది" అన్నాడు.

ఇంజను విప్పితే, విరిగిన వాల్వు తల పిస్టన్‌లో దిగబడి ఉంది. నేను పట్టుబట్టి రాసిన నివేదిక మీద కంపెనీ కొత్త ఇంజను ఇచ్చింది. అయితే అదే పరీక్షలో నెగ్గి వెళ్ళిన మిగతా బండ్ల యజమానులను వెనక్కి పిలుద్దామంటే, పాస్ అయిన బండిని పిలిచి జనాన్ని ఎందుకు బెదరగొట్టాలని మేనేజరు అడిగారు. ఆ కార్డుల్లో కొన్నింటి మీద నా సంతకమే ఉంది, నేను సెలవులో ఉన్నప్పుడు మూసినవాటి మీద మరొకరిది, బండ్లు మాత్రం అన్నీ ఇదే రోడ్ల మీద ఉన్నాయి. పై అధికారులకు రాశాను. జవాబు రాలేదు. కొంతకాలానికి ఆ ఉద్యోగం వదిలాను. ఇప్పటికీ ఎత్తు మీద ముందున్న ఎస్‌యూవీ కాస్త నెమ్మదిస్తే నా కాలు బ్రేకు మీదికి పోతుంది.

ఆ ఉదంతం నాకు నేర్పినది ఇది: పరీక్ష జరిగిన పరిస్థితి వాడకపు పరిస్థితి కానప్పుడు, 'లోపం కనబడలేదు' అనే మాటకు విలువ లేదు. లోపం లేదని చూపాల్సిన భారం బండి అమ్మినవారిది, దానిలో కూర్చునేవారిది కాదు.

కనుక ఒక పని చేయండి. మీ బండి ఎత్తు మీద బలం కోల్పోతున్నా, లోపల టకటక వినిపిస్తున్నా, దాన్ని ఏ బరువుతో నడుపుతారో దాచకుండా చెప్పండి. అంతే బరువుతో, మీ ఎదుటే పరీక్షించమని రాసి ఇచ్చి, జవాబు రాతలో తీసుకోండి. ఆ జవాబు వచ్చేదాకా మీవాళ్ళను బస్సు ఎక్కించండి.