మూడో గేరులో బిగిసిన బండి

దసరా అయిన మరుసటి వారం ఆ బండి మా షెడ్డుకు వచ్చింది. ఆగీ ఆగకముందే వెనక డోరులోంచి ఒకడు దూకి, డ్రైవర్ని సీట్లోంచి గుంజి నేల మీద పడేశాడు. డ్రైవర్ పెదవి అప్పటికే చీలి ఉంది. అంగీ మీద రక్తం. గుంజినవాడు ఒక ప్లాట్ల వ్యాపారి బావమరిది. ఆ వ్యాపారి వెనక సీట్లోంచి నిదానంగా దిగాడు.

ఇబ్రహీంపట్నం చుట్టూ చెలక భూములన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. ఆదిభట్లకు కంపెనీలు వచ్చాక, నిన్నమొన్నటిదాకా స్కూటర్ల మీద తిరిగినవాళ్లు ఆటోమేటిక్ కార్లు కొన్నారు. మా భూములు అంతకు చాలా ముందే పోయాయి. సాగర్ రోడ్డు పక్కన పాత ఇంటి వాకిలి మాత్రం మిగిలింది. అందులో రేకుల షెడ్డు వేసి గేర్‌బాక్సులు బాగుచేసేవాణ్ణి. చేతులకు నూనె అంటిందని నేనెవరి ముందూ తల వంచలేదు.

"పటేలా, వీడు గేర్‌బాక్స్ ఖరాబు చేసిండు. బండి మూడో గేర్ల ఇరుక్కున్నది. పట్నంల షోరూమోళ్లు మొత్తం బాక్సే మార్చాలె అంటున్నరు," అన్నాడు వ్యాపారి.

"నేనేం చెయ్యలే అన్నా," అన్నాడు డ్రైవర్.

"నువ్వు గాకపోతె నీ అయ్య చేసిండా?" అంటూ బావమరిది వాణ్ణి మెడబట్టి నా పనిబల్ల దాకా ఈడ్చాడు. ఇనుము బిగించే వైస్‌లో వాని కుడిచేతి వేళ్లు పెట్టి పిడి తిప్పాడు. డ్రైవర్ అరుపుకు రోడ్డు మీద పోయేవాళ్లు ఆగి చూశారు.

"వైస్ వదులు చెయ్యి," అన్నాను.

"ముందు బండి చూడు పటేలా. తప్పు వీనిదని తేలితే ఇంకో చుట్టు తిప్పుతం. చేతులుంటెనే గద బండ్లు పాడుచేసేది," అని వ్యాపారి నవ్వాడు.

ఊరికి పటేలుగా ఉన్న రోజుల్లో మా తాత ఇదే వాకిట్లో మనుషులను కొట్టించాడు. ఊరందరికీ తెలుసు, దాచను. కానీ బయటివాడు వచ్చి మా వాకిట్లో చెయ్యి లేపడం ఎన్నడూ లేదు. బావమరిది మళ్లీ పిడి పట్టగానే సుత్తితో వాని మణికట్టు మీద కొట్టాను. ఎముక చప్పుడు వినిపించింది. వాడు కూలబడ్డాడు. వైస్ నేనే వదులు చేశాను. డ్రైవర్ వేళ్లు చితికి, గోళ్లు లేచి వచ్చాయి.

వ్యాపారి నా కాలర్ పట్టుకున్నాడు. "దొరతనం పోయి మస్తు దినాలాయె. పొగరు పోలేదా?"

"పోలే. బండి నడవాల్నా, నా కాలర్ పట్టుకొనే ఇంటికి పోతవా?"

వదిలాడు.

ఆటోమేటిక్ బండిలో గేర్లను మార్చేది నూనె ఒత్తిడి. ఆ నూనె దారులను తెరిచి మూసే చిన్న కరెంటు వాల్వులే సోలెనాయిడ్లు. వాటికి కరెంటు సరిగా అందకపోతే బండి ఒకే గేరు పట్టుకుని కూర్చుంటుంది. బండి కంప్యూటరుకు స్కానర్ పెడితే సోలెనాయిడ్ లైను తప్పు చూపించింది. అంతమాత్రాన గేర్‌బాక్స్ విప్పేవాడు మూర్ఖుడు. ముందు గేర్‌బాక్స్ మీది వైర్ల కనెక్టర్ ఊడదీసి, సోలెనాయిడ్లను మీటర్‌తో కొలిచాను. అన్నీ బాగున్నాయి. కనెక్టర్ లోపలికి టార్చి వేశాను. నీళ్లు పోకుండా ఉండే రబ్బరు చిరిగింది. పిన్నులకు పచ్చటి చిలుము. దాని మీద జిగురు, ఇంత కొబ్బరి పీచు, కుంకుమ.

అందరూ దసరాకు టైరు ముందు నేల మీద కొబ్బరికాయ కొడతారు.

"బానెట్ తెరిచి లోపల కాయ కొట్టిందెవరు?" అని అడిగాను.

బావమరిది మణికట్టు ఒడిలో పెట్టుకుని మూలుగుతూనే, "నువ్వే గద బావా. ఇంజన్ మీద కొడితెనే బర్కత్, పైసలు నిలుస్తయ్ అంటివి. వీడు వద్దన్నడు గూడ," అన్నాడు.

"వద్దన్నందుకు ఆనాడే చెంప పగిలింది," అన్నాడు డ్రైవర్.

వ్యాపారి చెప్పు తీసి బావమరిది మొహం మీద కొట్టాడు. వాని ముక్కులోంచి రక్తం బొటబొటా కారింది. వాడు మణికట్టు పట్టుకుని గేటు బయటికి పోయి కూర్చున్నాడు.

కొబ్బరినీళ్లు దిగి చిలుము పట్టిన పిన్నులు మందు కొట్టి తోమి, ఆరబెట్టి, కొత్త రబ్బరు వేసి, స్కానర్‌తో ఆ తప్పు చెరిపాను. నేనే రోడ్డు మీద ఒక చుట్టు తిప్పి తెచ్చాను. గేర్లు వెన్నలా మారాయి.

వ్యాపారి తాళంచెవి డ్రైవర్ కాళ్ల దగ్గర విసిరాడు. "ఎక్కు. చిన్న దెబ్బకు ఆడోళ్ల లెక్క ఏడ్వకు."

డ్రైవర్ వంగి ఎడమ చేత్తో తాళం తీసుకుని బండెక్కాడు. ఆటోమేటిక్ కదా, ఒక్క చెయ్యి చాలు. వ్యాపారి డోరు పట్టుకునేలోపే బండి వెనక్కి ఉరికింది, ఆగింది, తర్వాత ముందుకు దూకింది. ఒకటో గేరు, రెండో గేరు, కుదుపు లేకుండా మారడం విన్నాను. పక్క ఖాళీ స్థలంలో వెంచరు కంచె కోసం దింపిన రాతి కడీల కుప్పను గుద్దింది. బానెట్ రెండుగా మడతపడింది. నూనె మట్టిలోకి కారింది.

డ్రైవర్ నొసటి రక్తం తుడుచుకుంటూ దిగాడు.

"అన్నా, ఇప్పుడు పాడుచేసిన," అన్నాడు.

వ్యాపారి ఇనుపరాడ్ అందుకుని ఉరికాడు. డ్రైవర్ నా వాకిట్లోకి పరిగెత్తాడు. డ్రైవర్ లోపలికి రాగానే గేటు మూసి గొలుసు వేశాను. రాడ్ దెబ్బలకు గేటు రేకు సొట్టలు పడుతూ ఉంది. నేను సుత్తి పట్టుకుని దాని వెనకే నిలబడ్డాను.