కోదాడ రోడ్డు మీద నక్షత్రం

2023 చలికాలం, సూర్యాపేటలో జిల్లా సైన్స్ ఎగ్జిబిషన్. నేను మోతె వైపు ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మా సంధ్య, మేరీ కలిసి సౌరకుటుంబం మోడల్ చేశారు. ఇద్దరిదీ పదో తరగతి. రాష్ట్ర స్థాయికి వెళ్లాలంటే ఇదే ఆఖరి అవకాశం.

ఇలాంటి మోడల్‌కు ప్రాణం స్కేలు, అంటే అసలు దూరాన్ని ఎంతకు కుదించామన్న లెక్క. మాది కోటి కిలోమీటర్లకు ఒక సెంటీమీటరు. సూర్యుడు ఆవగింజ. అక్కడినుంచి ఒక దారం మీద భూమి పదిహేను సెంటీమీటర్ల దగ్గర, నెప్ట్యూన్ నాలుగున్నర మీటర్ల దగ్గర. సూర్యుడి తర్వాత మనకు దగ్గరి నక్షత్రం నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉండాలని సంధ్య తేల్చింది. అందుకని వాళ్లమ్మను తోడు తీసుకుని మేరీ కోదాడ రోడ్డు మీద సరిగ్గా అంత దూరంలో టార్చిలైటుతో నిలబడింది. జడ్జీలు రాగానే వీడియో కాల్ చేయాలి.

జడ్జీలు రెండు స్టాళ్ల అవతల ఉండగా, చేయి ఊరుకోక లెక్క మళ్లీ వేశాను. లైట్ ఇయర్, అంటే కాంతి ఏడాదిలో వెళ్లే దూరం, సుమారు తొమ్మిదిన్నర మిలియన్ మిలియన్ కిలోమీటర్లు. మిలియన్ అంటే పది లక్షలు. ఆ నక్షత్రం నాలుగు లైట్ ఇయర్లకు కాస్త పైన. సంధ్య మొదటి మిలియన్‌ను పది లక్షలే చేసింది, రెండోదాన్ని లక్ష చేసింది. లక్షల్లో, కోట్లలో లెక్కపెడుతూ పెరిగిన మన పిల్లలు తరచూ పడే గుంట ఇది. ఒక సున్నా ఎగిరిపోయింది. నక్షత్రం ఉండాల్సింది నలభై కిలోమీటర్ల దూరంలో! ఇటైతే కోదాడ దరిదాపుల్లో, అటైతే మిర్యాలగూడ దగ్గర్లో.

"కొంప మునిగింది సంధ్యా, సున్నా పోయింది," అన్నాను.

సంధ్య ఫోన్ అందుకుంది. "మేరీని బస్సెక్కమందామా సార్?"

"అది కోదాడ పొయ్యేసరికి ఈడ అంతా ఖతం అయితది," అని కసిరాను.

సంధ్య దారం చేతిలోకి తీసుకుంది. "సార్, నక్షత్రాన్ని ఎందుకు జరపాలె? ఆడ్నే ఉండనియ్యిన్రి. మనమే పదింతలు సిన్నగైదాం."

ఒక క్షణం అర్థం కాలేదు. సెంటీమీటరుకు పది కోట్ల కిలోమీటర్లు అనుకుంటే, మేరీ నిలబడ్డ చోటే సరైన చోటు! దారం కత్తిరించాం. నెప్ట్యూన్ నలభై అయిదు సెంటీమీటర్లకు వచ్చింది. భూమి ఒకటిన్నరకు. సూర్యుడి చోట ఆవగింజ తీసేసి, దారం వెనకున్న చార్టులో సూదితో చుక్క పొడిచాం. చార్టు మీద 'కోటి' కొట్టేసి సంధ్య 'పది కోట్లు' అని రాస్తుండగానే జడ్జి మేడమ్ వచ్చారు.

"ఏంటమ్మా, ఈ కొట్టివేతలేంటి?"

సిరా ఒలికిందని చెబితే బాగుండు అనుకున్నాను.

"మా లెక్కల ఒక సున్నా తప్పింది మేడమ్, ఇప్పుడే దొరికింది. అసలు దూరం మనం మార్చలేం గదా, గందుకే స్కేలు మార్చినం," అంది సంధ్య.

సంధ్య ఫోన్ చేసింది. తెరమీద మేరీ, ఆమె చేతిలో చిన్న వెలుగు.

"ఈ దారం చివరినుంచి ఆ అమ్మాయి దాకా మధ్యలో ఏముంది?" అని అడిగారు మేడమ్.

"ఏం లేదు మేడమ్. దాదాపు అంతా ఖాళీనే."

మేడమ్ ఆ సూది చుక్కను వంగి చాలాసేపు చూశారు.

సాయంత్రం ఎంపికైన వాళ్లలో మా పిల్లల పేర్లు చదివారు. రాష్ట్ర స్థాయికి శుభ్రంగా కొత్త చార్టు రాసిస్తానన్నాను.

"వద్దు సార్," అంది సంధ్య. "కొట్టేసింది కనపడాలె."

అప్పటినుంచి మా క్లాసులో తప్పు లెక్కను చెరపనివ్వడం లేదు. దాని పక్కనే సరైనది రాయిస్తున్నాను.