బీరువా వెనక గీత

బెజవాడలో వరద నీళ్ళు ఏ వీధిలో ఎక్కడిదాకా వస్తాయో కంప్యూటరుకు నేర్పింది నేనే. నవ్వకండి. ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు తయారుచేసిన మ్యాపు ఒకటుంది. అందులో మా పేట ఉంది. మా పేటలో వీధులకు పడిన రంగులు నా నోటి మాట మీద పడినవే. అంతేకాదు, బుడమేరు పొంగిన ఏడాది మెడలోతు నీళ్ళలో మా పరుపుల భాయ్ భార్యను మంచంతో సహా ఎత్తి మేడ మీదికి చేర్చినవాణ్ణి కూడా నేనే. ఈ రెండు సంగతులూ మా వీధి చివర టీ కొట్టులో ఎవర్నడిగినా చెబుతారు. నేను చెప్పగా చెప్పగా వాళ్ళకు నోటికొచ్చేశాయి.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఎక్కువ కాలం మైలవరం రూటు. అటువైపు కొండల్లో వాన దంచితే ఆ నీళ్ళన్నీ వాగుల్లో పడి, బుడమేరులో కలిసి, మా పేట పక్క నుంచి పోతాయి. పోవాలి. ఆ ఏడాది పోకుండా మా ఇళ్ళు చూడ్డానికి వచ్చాయి. ఆ వాగులు దాటుకుంటూ అన్నేళ్ళు తిరిగినవాణ్ణి గనక నీళ్ళ విషయంలో నేనేమన్నా మా వాళ్ళకు వేదం. నేను వాగును బస్సు కిటికీలోంచి చూశానే తప్ప ఏనాడూ దిగలేదన్నది వేరే సంగతి.

భాయ్ వాళ్ళది మా వెనక వీధి, మాకంటే పల్లం. కింది వాటాలో అద్దెకుంటారు, మేడ మీద వాటాలో ఆసుపత్రి నర్సులిద్దరు. ముందు గదిలో దూది పరుపులు కుట్టే కొట్టు, లోపలి గదిలో కాపురం. ఆయన భార్యకు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నోటికి మాత్రం ఏమీ కాలేదు. కిటికీ పక్కన మంచం మీద పడుకునే ఆవిడ వీధంతా ఏలుతుంది. ఆవిడ నన్ను అన్నయ్యగారూ అంటుంది, నేను చెల్లెమ్మా అంటాను.

వరద వచ్చిన పొద్దున భాయ్ దూది కోసం గుంటూరు వెళ్ళాడు. నీళ్ళొస్తున్నాయని మాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. టిఫిన్ల వేళకు మురుగు మోరీ ఎదురు తన్నింది. నేను కేకలేసుకుంటూ వెళ్ళేసరికి మంచం కోళ్ళు మునిగి, పరుపు అంచు తడుస్తోంది. ఆవిడ లేవలేదు, పక్కకు దొర్లలేదు. ఎడమ చేత్తో కిటికీ ఊచ పట్టుకుని నీళ్ళవంక చూస్తోంది. ఎప్పుడూ మాట్లాడే మనిషి ఆ పూట ఒక్క మాటా మాట్లాడకపోవడం నాకిప్పటికీ గుర్తే. తర్వాత ఏం జరిగిందో పైన చెప్పే ఉన్నాను.

నీళ్ళు తీశాక మా పేటలో బురద ఎత్తడం అయీ అవకముందే జరిగిన పని గోడలకు రంగులు వేయించడం. గోడ మీద బురద గీత కనిపిస్తే అద్దెకు ఎవరొస్తారు? అమ్ముదామంటే ఎవరు కొంటారు? తడి ఆరని గోడల మీదే రంగు కొట్టించి టులెట్ బోర్డులు కట్టారు. మేమూ వేయించాం, మా ఆవిడకు నచ్చిన లేత గులాబీ.

అందువల్ల ఆ కాలేజీలో పరిశోధన చేసే ఒక అమ్మాయి చేతిలో ట్యాబు, భుజాన సంచితో వరద గీతలు వెతుక్కుంటూ వచ్చేసరికి మా పేట గోడలు పెళ్ళివారి ఇంటి గోడల్లా మెరుస్తున్నాయి. పాపం, ఆ పిల్ల వీధి మధ్య నిలబడి అటూ ఇటూ చూసింది. పిలిచి మంచినీళ్ళిచ్చాను. ఏ ఊరమ్మా అన్నాను. కూచిపూడి పక్కనండీ అంది.

"అయితే డాన్సు వచ్చా?"

"అందరూ ఇదే అడుగుతారండీ. రాదు. నాకు కాలవలూ మురుగులూ వచ్చు."

నాకు నచ్చేసింది. వివరంగా చెప్పింది. ఏ ఇంట్లో ఎంత నీళ్ళొచ్చాయో తెలిస్తే కంప్యూటరులో మ్యాపు గీస్తారట. మోరీ దగ్గర స్తంభానికి నీటిమట్టం చూసే పెట్టె బిగిస్తారట. మళ్ళీ నీళ్ళు పెరిగితే ఆ పెట్టె సంగతి చెబుతుంది, వెంటనే ఇళ్ళకు ఫోన్లు వెళ్తాయి. ఎక్కువ మునిగే వీధులకు ముందు, తక్కువ మునిగేవాటికి తర్వాత.

"మరి మీ ఇంట్లో ఎక్కడిదాకా వచ్చాయండీ తాతగారూ?"

చెయ్యి దానంతటదే లేచి మెడ దగ్గర ఆగింది. ఆ అమ్మాయి నేల మీంచి నా మెడ దాకా టేపు పెట్టి కొలిచి ట్యాబులో ఎక్కించుకుంది. చొక్కా కుట్టే టైలరు కూడా నా మెడను అంత శ్రద్ధగా కొలవలేదు. మా ఆవిడ అప్పుడు వంటింట్లో కుక్కరు కూతల మధ్య ఉంది. లేకపోతే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

నా తర్వాత మా వీధి వాళ్ళు వెనక్కి తగ్గుతారా? కండక్టరుగారు మెడ అన్నాక మనం తక్కువ చెబితే ఏం బాగుంటుందని తలా కాస్త పెంచారు. ఎదురింటి పొట్టాయన నెత్తి మీద చెయ్యి పెట్టాడట. వెనక వీధిలో దీనికి తలకిందులు. అక్కడ ఖాళీ వాటాలున్న ఇళ్ళవాళ్ళు, కాళ్ళు తడిశాయంతేనండీ అన్నారు. భాయ్ ఇల్లుగలాయన పక్కనే నిలబడి మోకాలు చూపించాడు. అద్దెకున్నవాడు కాదంటాడా? భాయ్ సూది పట్టుకుని తలొంచుకున్నాడు.

మ్యాపు వచ్చింది. మా వీధి ముదురు నీలం, వెనక వీధి లేత నీలం. ఫోనులో వినిపించే హెచ్చరికకు పేటలో అందరూ గుర్తుపట్టే గొంతు కావాలంటే నాది ఇచ్చాను. అన్నేళ్ళు కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించిన గొంతు!

మొదటిసారి పరీక్షగా ఫోన్లు చేసిన రోజు నేను భాయ్ కొట్టులో కూర్చుని ఉన్నాను. నా జేబులో ఫోను మోగింది. ఎత్తితే నా గొంతే నన్ను మేడ ఎక్కమని గదమాయిస్తోంది. పొంగిపోయి భాయ్‌కి వినిపించాను. ఆయన ఫోను దూది కుప్ప మీద చప్పుడు లేకుండా పడి ఉంది. కాసేపు చూశాం. ఆయన పరుపు అంచు కుట్టడం అయింది, దారం కొరికాడు. ఫోను మోగలేదు.

"మీకెప్పుడొస్తుంది భాయ్?"

"మాది లేత రంగంట కదా కండక్టర్ సాబ్. మోరీ ఇంకా నిండితే అప్పుడొస్తుందంట."

లోపలి గదిలోంచి ఆవిడ అందుకుంది. "రానీండి. ఈదుకుంటూ మాట్లాడతాను."

భాయ్ నవ్వాడు. నేను నవ్వలేకపోయాను. కిటికీ ఊచ పట్టుకున్న ఆ ఎడమ చెయ్యి కళ్ళముందు ఆడింది. టీ కూడా తాగకుండా ఇంటికొచ్చేశాను.

అక్కడ ఆ అమ్మాయి నా కోసమే కూర్చుని ఉంది. మొహం పీక్కుపోయింది.

"తాతగారూ, ఉపగ్రహాల నుంచి తీసుకున్న కొలతల్లో మీ వీధి మెరక, వెనక వీధి పల్లం. మెరకలో మెడలోతు ఉండి పల్లంలో మోకాల్లోతు ఎలా ఉంటాయండీ? కంప్యూటరు ఒప్పుకోవట్లేదు. మీరా అనుభవం ఉన్నవారు. మా నేల ఎత్తుల్లోనే తప్పుండాలి. రేపు అవి మార్చి మళ్ళీ చేస్తాను."

నా మాట నిలబెట్టడానికి ఆ పిల్ల ఏకంగా భూమినే వంచబోతోంది. కంప్యూటరు నమ్మని మాటను మనిషి నమ్మింది. నేర్పాను అన్నానే, అవును, నేర్పాను. తప్పు నేర్పాను.

"అమ్మా, భూమి జోలికి పోకు. నా మెడ మార్చు."

"మార్చి?"

"మోకాలు పెట్టు."

ఆ అమ్మాయి గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇదీ మీరు చెప్పిందేగా తాతగారూ. దీన్ని మాత్రం ఎలా రాసుకోను? గోడలకు రంగులు వేసేశారు."

వంటింటి గుమ్మంలోంచి మా ఆవిడ అంది. "ఆ బీరువా జరపండి. రంగులవాళ్ళు దాన్ని కదిపే ఓపిక లేక చుట్టూ పూసి పోయారు."

ముగ్గురం కలిసి బీరువా లాగాం. వెనక పాత సున్నం, దాని మీద తిన్నగా మట్టి రంగు గీత. నా మోకాలికి బెత్తెడు కింద. మా ఆవిడ గీతవంకా నా మెడవంకా చూసి లోపలికెళ్ళిపోయింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

బీరువాలు ఎవరూ కదపలేదన్న సంగతి తెలిశాక ఆ అమ్మాయి ముఖంలో ప్రాణం వచ్చింది. పేటలో ప్రతి ఇంట్లోనూ ఇనప బీరువా ఉంటుంది, దాని వెనక గోడ ఉంటుంది. ముందు భాయ్ ఇంటికే తీసుకెళ్ళాను. ఇల్లుగలాయన గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఏం కండక్టరుగారూ, గీతలు బయటపెట్టి నా ఇంటికి అద్దెలు పోగొడతారా?"

ఆయన్నీ తప్పుపట్టలేం. ఆ అద్దెల మీదే ఆ ఇల్లు గడుస్తుంది. మంచం మీంచి ఆవిడే చెప్పింది.

"అద్దె తర్వాత పోతుందిలెండి. ముందు నేను పోకుండా చూడండి."

ఆయన కండువా తీసి కిటికీకి తగిలించి, బీరువాకు తనే భుజం పెట్టాడు.

వెనక ఉన్న గీత పక్కన నిలబడ్డాను. సరిగ్గా నా మెడ దగ్గరికి వచ్చింది. అప్పుడర్థమైంది. మెడలోతు అబద్ధం కాదు. వాళ్ళ వీధి నీళ్ళు తెచ్చుకుని నా ఇంట్లో పోసుకుని చెప్పుకుంటున్నాను, అంతే. ఆ మాటే అమ్మాయికి చెప్పాను. ఆ అమ్మాయి టేపు పెట్టి రాసుకుంది, ఈసారి గోడ మీద.

ఆ వారమంతా రెండు వీధుల్లో బీరువాలు జరిగాయి. గీతలతో పాటు పోయాయనుకున్న గరిటెలు, ఒక కళ్ళజోడు, చచ్చిన బొద్దింకలు బయటపడ్డాయి. నేను ముందు నడిచి నా వీధి వాళ్ళను ఒక్కొక్కర్నీ కిందికి దింపాను. పొట్టాయన నెత్తి నుంచి పిక్క దాకా దిగడానికి చాలా బాధపడ్డాడు. మ్యాపులో రంగులు తారుమారయ్యాయి.

మళ్ళీ ఫోన్లు పరీక్షించిన రోజు కూడా భాయ్ కొట్టులోనే కూర్చున్నాను. ఆవిడ ఎడమ చేతికి అందేలా ఫోను దిండు పక్కన పెట్టారు. నా జేబు ఊరుకుంది. దిండు పక్కన ఫోను మోగింది. భాయ్ సూది ఆపేశాడు. ఆవిడ ఎత్తి, స్పీకరు నొక్కి, గుండె మీద పెట్టుకుంది.

"మోరీలో నీళ్ళు పెరుగుతున్నాయి! సామాన్లు తర్వాత, మనుషులు ముందు! మేడ మీదికి పదండి, పదండి, జరగండి ముందుకి!"

అయిపోయేదాకా విన్నది. కళ్ళు తుడుచుకుంది కూడా. సమయం చూసి నేను గొంతు సవరించుకున్నాను.

"చూశావా చెల్లెమ్మా! ఇక భయం లేదు. ఫోను రాగానే నేనూ వచ్చేస్తాను. ఆ రోజు మంచంతో సహా నిన్ను మోసుకెళ్ళినట్టే..."

"అన్నయ్యగారూ, కేకలు మీవే, కాదనను. నన్ను మోసింది మేడ మీది నర్సమ్మలిద్దరూ. అప్పటికి నీళ్ళు పరుపు దాకే. మీరు మోసింది నా దిండు. అదీ మెట్ల దగ్గర నీళ్ళలో పడేశారు."