ఆడింది నేను కాదన్న బావ

నన్నడిగితే కంప్యూటర్‌తో ఆడటమే నయం. మనిషితో ఆడితేనే అసలు ఆట అని, కంప్యూటర్‌దేముంది, దానికి నేర్పిందే చేస్తుందని నాకు పాఠాలు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో సగం మంది ఆ కంప్యూటర్ చేతిలోనే చిత్తుగా ఓడినవాళ్లు. ఆ పాఠాలు గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు ఒళ్లు మండుతుంది.

భద్రాచలం బస్టాండు దగ్గర మా అన్న నెట్ సెంటర్ పెట్టిన రోజులవి. అప్పటికి ఫోన్లలో నెట్ లేదు, ఇళ్లల్లో కంప్యూటర్లు అసలే లేవు. పరీక్ష ఫలితం చూసుకోవాలన్నా, హాల్ టికెట్ తీసుకోవాలన్నా చర్ల నుంచి, దుమ్ముగూడెం నుంచి బస్సెక్కి మా దగ్గరికే వచ్చేవాళ్లు. అన్న ఆఫీసుల వెంట తిరిగి కంప్యూటర్లు రిపేరు చేసేవాడు. డిగ్రీ అయిపోయి ఖాళీగా ఉన్నానని నన్ను సెంటర్‌లో కూర్చోబెట్టాడు. ఫలితాలు వచ్చిన రోజు జనం మీద జనం. మిగతా రోజుల్లో మధ్యాహ్నమైతే ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. అట్లాంటి మధ్యాహ్నాల్లోనే నేను ఆట నేర్చుకున్నాను.

సైన్యాలాట అనేవాళ్లం దాన్ని. మొదట నీ దగ్గర ఒక ఇల్లు, నలుగురు కూలీలు ఉంటారు. వాళ్లతో కట్టెలు కొట్టించాలి, పొలం దున్నించాలి, రాళ్లు తవ్వించాలి, ఇళ్లు కట్టాలి, ఆ తరవాత గుర్రాలు, విల్లులు. అవతలివాడు కూడా అదే పని మీద ఉంటాడు. ఎవరి కోట ముందు కూలితే వాడు ఓడినట్టు. అవతల ఇంకో కంప్యూటర్ దగ్గర మనిషి కూర్చోవచ్చు, లేదంటే కంప్యూటరే ఆడుతుంది. అమ్మాయితో ఆడటానికి మా సెంటర్‌కు వచ్చే మగమహారాజులెవరికీ తీరిక లేదు కాబట్టి నాకు కంప్యూటరే దిక్కయింది.

మొదట్లో నా దుమ్ము దులిపింది. నేను ఇంకా కట్టెలు కొట్టించుకుంటూ ఉంటే దాని గుర్రాలు వచ్చి ఊరు తగలబెట్టి పోయేవి. పై స్థాయిలో పెడితే దానికి ఊరికే ఎక్కువ కట్టెలు, ఎక్కువ తిండి ఇస్తారని, అంటే అది దొంగాటేనని అన్న చెప్పాడు. అయినా నాకు దాని మీద కోపం రాలేదు. ఎందుకంటే ఓడినప్పుడు ‘ఓడిపోయాను’ అని తెర మీద రాసేసి మర్యాదగా వెళ్లిపోయేది. మౌస్ పట్టేసిందని అనలేదు. ఎండ కొట్టిందని అనలేదు.

గెలవడం నేను మా నాన్న చేలోంచి నేర్చుకున్నాను. అడవి అంచున మాకు కాస్త మొక్కజొన్న ఉండేది. పందులు పడకుండా నాన్న చుట్టూ ముళ్లకంచె వేసి, ఒకచోట మాత్రం కావాలని సందు వదిలేవాడు. కంచె అంతా గట్టిగా ఉంటే పంది ఎక్కడ తోసుకొస్తుందో తెలియదు, సందుంటే చచ్చినట్టు అక్కడికే వస్తుంది, వాయించి తరమడానికి డబ్బా పట్టుకొని అక్కడ కాపు కూర్చుంటే చాలని ఆయన లెక్క. నేనూ కోట చుట్టూ గోడ కట్టి, ఒక సందు వదిలి, లోపల రెండు వైపులా విలుకాళ్లను పెట్టాను. కంప్యూటర్ సైన్యం నేరుగా ఆ సందులోకే వచ్చి పడింది. ఆ రోజు కుర్చీలోంచి లేచి గంతులేశాను.

ఆ ఏడాదే మా బావతో నా పెళ్లి మాట కలిపారు. బావంటే అమ్మకు సొంత అన్న కొడుకు. మధిరలో ఉంటారు. నేను పుట్టినప్పటి నుంచీ ‘ఇది వాడిదే’ అన్న మాట ఇంట్లో నడుస్తూనే ఉంది. బిడ్డను తన పుట్టింటికే పంపుతున్నానని అమ్మకు నేల మీద కాళ్లు ఆగలేదు. నాకు మాత్రం బావంటే ఇష్టమా అని ఎవరూ అడగలేదు, నేనూ అప్పటికి ఆలోచించలేదు. మనిషి చూడ్డానికి బాగుంటాడు, మాటకారి. అంతే తెలుసు.

మావి చర్చి కుటుంబాలు. మా చర్చిలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా అబ్బాయికీ ఫలానా అమ్మాయికీ పెళ్లి జరగబోతోంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని పాస్టరయ్యగారు అడుగుతారు. మూడోసారి కూడా ఎవరూ మాట్లాడకపోతే ఇక ఆ పెళ్లి ఖాయమే. నాకు ఊహ తెలిశాక ఆ ప్రశ్నకు ఒక్కరు కూడా నోరు విప్పడం నేను చూడలేదు. ఆ కాస్త నిశ్శబ్దంలో చంటిపిల్లలు ఏడవడం, ముసలాళ్లు దగ్గడం తప్ప.

పెళ్లి మాట కలిపినప్పటి నుంచి బావ శనివారం శనివారం మధిర నుంచి దిగేవాడు. మామయ్య ఆయనకు కూడా మధిరలో నెట్ సెంటర్ పెట్టిస్తానన్నాడు. పెళ్లయ్యాక నేను అందులో కూర్చోవాలి. పని చూసి పోతానని వచ్చి, పని వదిలేసి ఆటకు కూర్చున్నాడు.

‘‘కంప్యూటర్‌తో ఆడి మురిసిపోతున్నావంటగా మరదలా! దా, మగాడితో ఆడు, తెలుస్తది,’’ అన్నాడు.

మొదటి ఆట ఆయనే గెలిచాడు. మనిషి ఎట్లా ఆడతాడో నాకు తెలియదు మరి. ఆ గెలుపు అమ్మకు చెప్పాడు, అన్నకు చెప్పాడు, పక్కన జిరాక్స్ షాపాయనకు చెప్పాడు, చర్చి మెట్ల మీద కనబడినవాళ్లందరికీ చెప్పాడు. రెండో ఆటలో నా గోడ సందు చూసి, ‘‘గోడ కట్టడం కూడా రాదే నీకు, ఇంటికి తలుపు పెట్టడం మర్చిపోయినట్టుంది!’’ అని పెద్దగా నవ్వి, సైన్యమంతా అందులోకి తోలాడు. ఒక్క గుర్రం తిరిగిపోలేదు. వెంటనే మౌస్ ఎత్తి టేబుల్ మీద కొట్టాడు.

‘‘ఏం మౌసులు పెట్టారయ్యా ఇవి, కదలనే కదలవు!’’

ఆ ఓటమి సంగతి జిరాక్స్ షాపాయనకు చెప్పలేదు. సరే, మొదటిసారి కదా, సిగ్గుపడ్డాడేమో అనుకున్నాను. తరవాతి వారం మళ్లీ ఓడాడు. ఈసారి కరెంటు ఎక్కువ తక్కువ అవుతోందన్నాడు. అదే కరెంటు మీద నా కంప్యూటరూ నడుస్తోందని అంటే, ‘‘ఎంత నోరే నీకు!’’ అని నా జడ లాగి నవ్వేశాడు. మరదలు కదా, వరసైనవాడు జడ లాగితే నవ్వాలి. నవ్వకపోతే నాకే పొగరు. అమ్మ పక్కనుంచి, ‘‘బావ తమాషాకంటే మొహం గట్ల పెడతవేందే?’’ అని నన్నే కసిరింది.

మూడో ప్రకటనకు ముందు రోజు, శనివారం. చర్చి కుర్రాళ్లు, మా చుట్టాల పిల్లలు కలిసి ఓ పదిమంది సెంటర్‌కు వచ్చారు. కాబోయే మొగుడూ పెళ్లాల పందెం చూస్తామని గోల. బావ చివరి క్యాబిన్‌లోకి వెళ్లి కర్టెన్ వేసుకున్నాడు. నేను ముందు టేబుల్ దగ్గర కూర్చున్నాను. జనమంతా నా వెనకే మూగారు. అన్న కూడా వచ్చి గోడకు ఆనుకొని నిలబడ్డాడు.

ఈసారి బావ నా సందు జోలికి రాలేదు. దూరంగా కోట కట్టుకొని, గుర్రాలు పెంచుకుంటూ కూర్చున్నాడు. ఎంతకీ కదలడు. అప్పుడు నేనొక పని చేశాను. ఒక్క కూలీని పంపి సరిగ్గా ఆయన కోట గుమ్మం ముందు గుడిసె కట్టించడం మొదలుపెట్టాను. గుర్రాలు వచ్చి కూల్చేశాయి. కూలీని తప్పించి, పక్కనే ఇంకో గుడిసె మొదలుపెట్టించాను. మళ్లీ కూల్చేశాయి. మళ్లీ కట్టించాను. నా వెనక నవ్వులు మొదలయ్యాయి, అవి చివరి క్యాబిన్ దాకా వినబడ్డాయి. ఇక అంతే, బావకు రేగింది. కోటలో కాపలాకు కూడా ఎవరినీ మిగల్చకుండా ఉన్న గుర్రాలన్నిటినీ ఆ ఒక్క కూలీ వెంట తోలాడు. వాడు పరుగెత్తుకుంటూ వచ్చి నా గోడ సందులో దూరాడు. వాడి వెనకే గుర్రాలన్నీ దూరాయి.

కుర్రాళ్ల ఈలలతో సెంటర్ అదిరిపోయింది. నా సైన్యం వెళ్లి ఆయన ఖాళీ కోటను కూల్చేసింది. అయిపోయింది. నేను వెనక్కి తిరిగేసరికి చివరి క్యాబిన్ పక్కనున్న వెనక తలుపులోంచి బావ వచ్చాడు, చేతిలో టీ గ్లాసుతో.

‘‘ఏంది గోల? అయిపోయిందా?’’ అన్నాడు. ‘‘నేను టీకి పోయి చాలాసేపైంది కదా. పోతా పోతా నా వైపు కంప్యూటర్‌కి అప్పజెప్పి పోయా. మీరంతా ఇంతసేపూ కంప్యూటర్ ఆట చూస్తన్నారా?’’

వెంటనే వెనకనుంచి ఒకడు, ‘‘అదీ సంగతి! నేను అనుకుంటనే ఉన్న, బావ గట్ల ఆడడని,’’ అన్నాడు. అంతే, అందరూ అదే పాట. ఈలలు వేసిన నోళ్లే! ఎంత తొందరగా నమ్మారంటే, నమ్మడానికి ఆ మాట కోసమే కాచుకొని ఉన్నట్టు నమ్మారు. నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి.

‘‘అబద్ధం! కంప్యూటర్‌కు కోపం రాదు బావా,’’ అన్నాను. ‘‘దాని గుర్రాలు నాలుగడుగులు తరిమి మళ్ళీ కోటకు పోతయ్. ఎన్ని నెలలసంది ఆడుతున్న దాంతోని! ఒక్క కూలోని కోసం ఉన్న సైన్యమంతా తోలింది నువ్వే. అన్నా, నువ్వు చెప్పు. ఆట నడుమ కంప్యూటర్‌కు అప్పజెప్పొచ్చా దీంట్ల?’’

కుదరదు. ఆ ఆట ఎక్కించింది అన్నే, అట్లా కుదరదని నాకు చెప్పిందీ అన్నే. అన్న నా వైపు చూడలేదు. కింద వైరేదో ఊడినట్టు వంగి సర్దుతూ, ‘‘పోనీ తియ్ చెల్లె. ఆటే కదా,’’ అన్నాడు.

బావ మీదకంటే అన్న మీద వచ్చిన కోపం పెద్దది. ఇంటికి పోయే దారంతా అన్నతో పోట్లాడాను. ‘‘కాబోయే అల్లుడ్ని పదిమందిల తక్కువ చేస్తమా? నీ కోసమే ఊరుకున్న,’’ అన్నాడు. నా కోసమట! అమ్మకు చెప్పాను. ఆడదానివి ఆటలో గెలిచి ఏం ఏలుతావని అమ్మ గిన్నెలు తోముకుంటూ అడిగింది.

‘‘గెలుపు పోతే పోయింది అమ్మా. రేపు ఇంట్ల ఏది చెడినా ఆయన చేసిందంటడా? కళ్లముందర చేసి, నేను కాదంటడు. మీరంతా అవ్ అంటరు. నేనేడ చెప్పుకోవాలె?’’

‘‘మొగోళ్లందరూ గంతే బిడ్డా. సర్దుకపోవాలె,’’ అంది. అది ఓదార్పు అనుకుంది పాపం.

తెల్లారి చర్చిలో ఆడవాళ్ల వైపు చాప మీద అమ్మ పక్కన కూర్చున్నాను. మగవాళ్ల వైపు ముందు వరసలో బావ, ఇస్త్రీ చొక్కాలో. పాటలయ్యాక అయ్యగారు కళ్లజోడు సర్దుకొని మా ప్రకటన చదివారు. ఇది మూడవది, చివరిది అన్నారు. ఎవరికైనా అభ్యంతరం ఉందా అన్నారు.

‘‘నాకుంది అయ్యగారూ,’’ అని లేచాను.

అమ్మ నా చీర కుచ్చెళ్లు పట్టుకొని కిందికి గుంజింది. కూర్చోలేదు. అయ్యగారు మళ్లీ ఆ కాగితం వైపు చూసి, ‘‘పెళ్లికూతురివి నువ్వే కదమ్మా?’’ అన్నారు. ఎక్కడో నవ్వు మొదలైంది.

‘‘నేనే అయ్యగారూ. నిన్న నా ఎదురుంగ ఆడి ఓడిపోయి, ఆడింది నేను కాదన్నడు. నాకు గట్ల అబద్ధమాడే మనిషి వద్దు.’’

‘‘ఆటల మాటకు పెళ్లి ఆపుకుంటారామ్మా ఎవరన్నా?’’

‘‘ఆయన్నే అడగండి. బావా, ఇక్కడ, అయ్యగారి ముందల చెప్పు. నిన్న ఆడింది నువ్వా, కాదా?’’

నవ్వులు ఆగిపోయాయి. చర్చి మొత్తం మగవాళ్ల వైపు తిరిగింది. అవునని ఒక్క ముక్క అంటే చాలు. నా మీద ఒట్టు, ఆ మాట అని ఉంటే నేను కూర్చునేదాన్నే. బావ లేచాడు. మొహం ఎర్రగా కందిపోయింది. నా వైపు చూడకుండా అయ్యగారి వైపు తిరిగాడు.

‘‘అయ్యగారూ, అసలీ సంబంధం నాకే ఇష్టం లేదండీ. మా అమ్మకి ముందే చెప్పా వద్దని. మేనత్త బాధపడుద్దని ఇన్నాళ్లూ ఊరుకున్నా. ఇప్పుడు తనే అడిగింది కాబట్టి చెబుతున్నా, నాకు వద్దు.’’

అని, చొక్కా సర్దుకొని కూర్చున్నాడు. నా పక్కన అమ్మ కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. ఆరాధన అయ్యాక ఆడవాళ్లంతా నా చుట్టూ చేరి, పోనీలేమ్మా, ఇంతకంటే మంచి సంబంధం వస్తుందని నా వీపు నిమిరారు. నేనే వద్దన్నానని వాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పాను. విన్నట్టే తల ఊపారు.

ఇన్నేళ్లయింది. మా చుట్టాల్లో ఎవరింటికి పోయినా ఎవరో ఒకావిడ నన్ను పక్కకు పిలిచి, ‘‘పాపం, అప్పుడు మీ బావ నిన్ను చేసుకోనన్నాడు కదూ,’’ అంటుంది. ఆ ఆదివారం చర్చిలో, నేను లేచి నిలబడినప్పుడు, నా వెనక చాప మీద కూర్చుని కళ్లారా చూసినవాళ్లే అంటారు.