చించేసిన ఇరవైతొమ్మిది

శుభలేఖలు పంచేదానికే వచ్చినాను, టీ తాగినాక ఇస్తాను. దానికి ముందు ఇది వినండి. ఈ పెళ్ళి కుదిరింది నా తెలివితో కాదప్పా, నా తెలివి తెల్లారినందువల్ల.

నా చదువు సంగతి మీకు తెలిసిందే. ఎమ్మెస్సీలో చుక్కల లెక్కలు, రీసెర్చిలో ఈజిప్టు. ఫారోల సమాధుల్లో గీసిన చుక్కల పటాలు చూసి, అవి ఏ కాలానివో తేల్చేది నా పని. ఈ చదువుతో రెండు సంబంధాలు పోయినాయి. "పగలంతా శవాలు, రేయంతా చుక్కలు. ఇంటికి ఎప్పుడొస్తాడు?" అని అడిగినాడంట ఒక పెద్దమనిషి. మూడోది తిరువళ్ళూరు సంబంధం. ఇదీ తప్పిపోతే ఏదో ఒక మమ్మీని నువ్వే చూసుకో అని మా అమ్మ ముందే చెప్పేసింది.

మార్చి ఒకటో తేదీ పొద్దున పదికి పెళ్ళిచూపులు. అమ్మా నాయనా తిరుత్తణినుంచి, నేను మద్రాసునుంచి, ఎవురికి వాళ్ళు నేరుగా ఆ ఇంటికి వచ్చేట్టు ఏర్పాటు.

నా లాడ్జి రూములో క్యాలెండరు లేదు. అట్టతో నేనే చేసుకున్న చక్రం ఒకటుండాది. లోపల ఈజిప్టు తేదీలు, బయట మన తేదీలు. రోజూ లేస్తూనే ఒక గడి తిప్పేది. వాళ్ళ ఏడాదికి ఖచ్చితంగా మూడువందల అరవైఐదు దినాలే, లీపు గీపు లేదు. కాబట్టి నా చక్రంలోనూ లేదు. థీసిస్ రాస్తా వారంగా పేపరు కూడా చూడలేదు. ఆ పొద్దు చక్రం ఒకటో తేదీ అనింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. చదువేందని అడిగితే చూపించొచ్చని చక్రాన్ని సంచిలో పెట్టుకుని రైలెక్కినాను.

పోయేసరికి ఒకమ్మాయి తలకి తువ్వాలు చుట్టుకుని, స్టూలెక్కి బూజు దులుపుతా ఉండాది. పెళ్ళికూతురి చెల్లెలనుకున్నాను.

"సార్ ఉండారా?"

"నాయన అంగిడికి పోయినాడు. కూర్చోండి" అనింది, వెనక్కి తిరక్కుండానే.

మావాళ్ళింకా రాలేదు. ఎదురుగా గోడకి రోజుకొక చీటీ చించే క్యాలెండరు. ఫిబ్రవరి ఇరవైతొమ్మిది అని చూపిస్తా ఉండాది. పాపం, హడావిడిలో మర్చిపోయినారని లేచి, పర్రుమని చించి, నాలుగు మడతలు పెట్టి జోబీలో వేసుకున్నాను.

"ఏందండీ అది? ఈ దినం ఇంకా అయిపోలేదు, అప్పుడే చించేసినారే?"

"ఈ పొద్దు ఒకటి గదమ్మా. పెళ్ళిచూపులు ఈ పొద్దే గదా."

బూజుకర్ర కింద పడింది. "మాప్పిళ్ళై, పెళ్ళికొడుకు మీరేనా?" అని తలమీది తువ్వాలు లాగేసుకునింది. "నన్ను చూసేది రేపండీ."

అప్పుడన్నా నోరు మూసుకోవాల్సింది. ఎమ్మెస్సీ గదా, ఊరుకుంటానా? చక్రం బయటికి తీసి, ఫారోల దగ్గిరనుంచి మొదలుపెట్టి, వాళ్ళ క్యాలెండరే తప్పని నిరూపించినాను. ఆమె ఓపిగ్గా అంతా వినింది.

"దీంట్లో ఇరవైతొమ్మిది యాడుండాది?"

వెతికినాను. యాడా లేదు.

"మీ తిరుత్తణి కొండకి మూడువందల అరవైఐదు మెట్లే. లీపు మెట్టు లేదని దినాన్నే ఎగరగొట్టేస్తారా?"

అంతలో వాళ్ళ నాయన అరటిపండ్లతో వచ్చినాడు. చంకలో ఆ పొద్దుటి పేపరు. నేనెవురో కూతురు చెప్పింది. "ఏం నాయనా, అంత ఆత్రమా?" అని కాఫీ ఇప్పించి పంపించినాడు. చీటీ ఆమె చేతికిచ్చి వచ్చేసినాను. రైల్లో ఒకటే దిగులు. రెండు సంబంధాలు పోయినప్పుడు ఇంత బాధ లేదు. ఈమె పోతే మాత్రం తట్టుకోలేననిపించింది.

మర్నాడు అమ్మా నాయనతో బుద్ధిగా కూర్చున్నాను. వాళ్ళ నాయన నన్ను అప్పుడే చూస్తున్నట్టు నమస్కారం పెట్టినాడు. "అబ్బాయిని ఏమన్నా అడుగుతావా అమ్మా?" అన్నాడు కూతుర్ని.

ఆమె తల వంచుకునే, "ఈ పొద్దు తేదీ ఎంతో చెప్పమనండి" అనింది.

ఇంక నా బుర్రని నమ్మకూడదని రాత్రే ఒట్టు పెట్టుకునుంటిని. నేరుగా గోడ చూసి, "ఇరవైతొమ్మిది" అన్నాను, ధీమాగా.

మా అమ్మ తల పట్టుకునింది. నేను చించిన చీటీని ఆ అమ్మాయి అన్నం మెతుకులతో ఒకటో తేదీ మీదే అతికించిందంట.

నవ్వుతా లోపలికి పరిగెత్తి, తలుపు చాటునుంచి అనింది, "ఈయనకి తేదీ చెప్పేదానికి ఒక మనిషి కావల్ల నాయనా. నేనుంటాలే."

తీసుకోండప్పా, ఇవిగో శుభలేఖలు. ముహూర్తం ఏ దినమని నన్ను మాత్రం అడగొద్దు, దాంట్లో చూసుకోండి. ప్రూఫు ఆమే దిద్దింది.